ముప్పై కుటుంబాలు కలిసి ఇళ్లు కట్టుకోవాలంటే మొదటి పని ఏమిటి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. ముప్పై కుటుంబాలు కలిసి ఒక స్థలం కొన్నారు. ఆరోగ్యంగా బతకగలిగే ఇళ్లు, పచ్చదనం, నీరు వృథా కాని ఏర్పాటు కావాలన్న విషయంలో అందరిదీ ఒకే మాట. పేచీ అంతా పద్ధతి దగ్గరే వచ్చింది. ప్రతి నిర్ణయంలోనూ అందరూ ఉండాలని సగం మంది అంటున్నారు. అలాగైతే పని ఎన్నటికీ తెమలదు, ఆర్కిటెక్టుకు అప్పగించి పక్కకు తప్పుకుందామని మిగతా సగం. ఈలోగా ఒక సభ్యుడి బంధువు ప్లాన్ కూడా గీసి ఇచ్చారు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎవరి మాట ఎంతవరకు చెల్లాలి?

సూటిగా చెబుతాను. అందరూ ఉండాల్సిందే, అదీ ప్లాన్ గీయకముందే ఉండాలి. మొదటి కొన్ని నెలలు ఇళ్ల ఊసెత్తకుండా స్థలాన్ని అందరూ కలిసి చదవండి. నీళ్లు ఎటు పారుతున్నాయి, మట్టి ఎలాంటిది, గాలి ఎటు నుంచి వస్తోంది, ఏ చెట్లు ఉన్నాయి అనేది ఒక పని. ఒక్కో కుటుంబానికి రోజు ఎలా గడుస్తోంది అనేది రెండో పని. ఈ రెండూ కాగితం మీదకు వచ్చాకే ఆర్కిటెక్టు పెన్సిల్ తీయాలి. అక్కడి నుంచి పని మీరు భయపడుతున్నంత నెమ్మదిగా ఏమీ సాగదు. నివాస సముదాయాల ప్లానింగులో చాలాకాలంగా పనిచేస్తున్నాను. మధ్యలో ఆగిపోయి, గొడవలతో చీలిపోయిన బృందాల్లో ఎక్కువ భాగం ఈ మొదటి దశను దాటవేసి నేరుగా ఇంటి ప్లాన్ల మీద కూర్చున్నవే.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. తర్వాత మార్చడానికి వీల్లేని నిర్ణయాలన్నీ మొదట్లోనే జరిగిపోతాయి. రోడ్డు ఎక్కడ వేయాలి, ఎత్తుపల్లాలను చదును చేయాలా వద్దా, ఇళ్ల వరుసలు ఏ దిక్కుకు తిరగాలి అన్నవి తేలిపోయాక రంగుల బొమ్మ వేసి, సభ పెట్టి అభిప్రాయాలు అడిగితే చెప్పడానికి గేటు రంగు తప్ప ఏమీ మిగలదు. జనానికి ఆ సంగతి వెంటనే తెలిసిపోతుంది. అందుకే రెండో సభకు సగం మంది రారు. అమెరికాలో షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే విధాన నిపుణురాలు 1969లో ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా వర్ణించారు. కింది రెండు మెట్లనూ ఆమె భాగస్వామ్యంగానే లెక్కించలేదు. సమాచారం చెప్పడం, అభిప్రాయం అడగడం, కొందరికి కుర్చీ ఇచ్చి బుజ్జగించడం మధ్య మెట్లు. నిర్ణయంలో నిజంగా వాటా దొరికేది ఆరో మెట్టు నుంచి. ఏ సముదాయం పని మొదలుపెట్టినా, మనం ఏ మెట్టు మీద ఉన్నామో మొదటి సభలోనే నిజాయితీగా చెప్పేయడం మంచిది. లేని అధికారం ఉన్నట్టు చెప్పి పిలిస్తే ఆ నమ్మకం మళ్లీ రాదు.

స్థలాన్ని చదవడం ఎలా?

ఇయాన్ మెక్‌హార్గ్ అనే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు 1960ల్లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇప్పటికీ అన్నిటికంటే తేలిక. స్థలం పటాన్ని ఒకే కొలతలో అనేక పారదర్శక కాగితాల మీద గీస్తారు. ఒకదాని మీద ఎత్తుపల్లాలు, ఒకదాని మీద నీటి దారులు, ఒకదాని మీద మట్టి, ఇంకోదాని మీద చెట్లు. అన్నిటినీ ఒకదానిపై ఒకటి పరిస్తే ఎక్కడ కట్టకూడదో కంటికి కనిపిస్తుంది. ఇప్పుడు కంప్యూటర్లో చేస్తున్నారు గానీ, మీ బృందానికి కాగితాలే మేలని నా అభిప్రాయం. బల్ల చుట్టూ నిలబడి పదిమంది వేలు పెట్టి చూపించగలిగినది తెర మీద కుదరదు. ఆ బంధువు గీసిన ప్లాన్‌ను పారేయకండి, అలాగని ఇప్పుడే బయటపెట్టకండి. ఈ కాగితాలన్నీ తయారయ్యాక దాన్నీ అదే కొలతలో ఒక పొరగా పరచండి. ఎక్కడ నీటిదారికి అడ్డం పడుతోందో, ఎక్కడ స్థలానికి అమరుతోందో ఎవరూ ఎవరినీ నొప్పించకుండానే తెలుస్తుంది.

నీటితో మొదలుపెట్టండి. వాన పడుతున్నప్పుడే గొడుగులు వేసుకుని స్థలమంతా నడవాలి. ఎండలో చూసిన స్థలం, వానలో చూసిన స్థలం ఒకటిగా ఉండవు. నేను పనిచేసిన ఒక సముదాయంలో ఒక మూల పల్లంగా ఉండేది. దాన్ని మట్టితో మెరక చేసి వాహనాలు నిలుపుకోవాలని ముందే అనుకున్నారు. వానలో నడిచినప్పుడు తేలిందేమిటంటే, అక్కడ చేరుతున్న నీరు వారి స్థలంలో కురిసింది కానే కాదు. ఎగువన ఉన్న పొరుగు భూముల నుంచి గడ్డి కిందుగా, చప్పుడు లేకుండా వస్తోంది. ఆ పల్లాన్ని పూడిస్తే ఆ నీరంతా దిగువ వారి గుమ్మాల్లోకి పోయేది. చివరకు పల్లాన్ని అలాగే ఉంచి గడ్డి పెంచారు. ఎక్కువ రోజులు అది పిల్లల ఆటస్థలం. పెద్దవాన వచ్చినప్పుడు ఒకటి రెండు రోజులు నిండి మెల్లగా ఇంకిపోతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. నిలిచిన నీరు మూడు రోజుల్లోపు ఇంకిపోయేలా చూసుకోవాలి. దోమ గుడ్డు నుంచి ఎగిరే దశకు రావడానికి సాధారణంగా వారం, పది రోజులు పడుతుంది కాబట్టి మూడు రోజుల గడువు పెట్టుకుంటే భయం ఉండదు. ఎప్పుడూ నీరు ఉండే కుంట అయితే దోమ పిల్లలను తినే చేపలు, కప్పలు బతికేలా ఉండాలి.

ఇంకుడు పరీక్ష మీరే చేసుకోవచ్చు. ఒక అడుగు వెడల్పు, ఒక అడుగు లోతు గుంత తవ్వండి. నిండా నీళ్లు పోసి పూర్తిగా ఇంకనివ్వండి. పొడి మట్టి మొదట్లో ఆబగా పీల్చేస్తుంది కాబట్టి ఆ లెక్క నమ్మకూడదు. మళ్లీ నింపి, ఒక స్కేలు నిలబెట్టి, గంటకు ఎంత దిగిందో రాసుకోండి. గంటకు ఒక సెంటీమీటరైనా దిగకపోతే అది బంకమట్టి. అక్కడ ఇంకుడు గుంతలు తవ్వి లాభం లేదు, నీటిని పైనే నిలిపే ఏర్పాటు చూసుకోవాలి. స్థలంలో కనీసం నాలుగైదు చోట్ల చేయండి. ఒకే స్థలంలో ఒక పక్క ఇసుక, ఇంకో పక్క బంకమట్టి ఉండటం మామూలే. ఈ పని పిల్లలకు అప్పగించండి. ఎంతో శ్రద్ధగా చేస్తారు, పైగా ఆ అంకెలు వారి నోటి నుంచి సభలో వింటే పెద్దలు కాదనలేరు. వాన లెక్క కూడా సులువే. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 100 చదరపు మీటర్ల కప్పు మీద 50 మిల్లీమీటర్లు కురిస్తే 5,000 లీటర్లు. దాన్ని ముప్పై ఇళ్లతో హెచ్చించి చూడండి, ఆ నీటికి చోటు ఎక్కడ అన్న ప్రశ్న దానంతట అదే ముందుకు వస్తుంది.

నీటికి చోటిస్తే అది మనుషులకూ చోటవుతుందనడానికి సింగపూర్‌లోని బిషాన్ పార్కు మంచి ఉదాహరణ. అక్కడ తిన్నగా సాగే 2.7 కిలోమీటర్ల కాంక్రీటు కాలువను తీసేసి, 2012 నాటికి దాన్ని మెలికలు తిరిగే నదిగా మార్చారు. వాన లేనప్పుడు జనం గట్ల మీద తిరుగుతారు, వరద వచ్చినప్పుడు ఆ మైదానమే నీటిని మోస్తుంది. మీది చిన్న స్థలమే అయినా సూత్రం ఇదే.

చెట్ల విషయంలో చాలా నష్టం తెలియక జరుగుతుంది. వేళ్లు పాతాళానికి దిగుతాయని అనుకుంటారు. నిజానికి ఎక్కువ వేళ్లు పై మీటరు లోతులోనే, కొమ్మల నీడను దాటి పక్కలకు పాకి ఉంటాయి. చెట్టును నరకలేదు కదా అని మొదలు చుట్టూ ఇటుకలు పేరుస్తారు, లారీలు తిప్పుతారు. మట్టి గట్టిపడి వేళ్లకు గాలి అందదు. చెట్టు అప్పుడే చావదు. రెండు మూడేళ్ల తర్వాత పైకొమ్మల నుంచి ఎండుతూ వస్తుంది, అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు. అందుకే పని మొదలయ్యే ముందే కొమ్మల అంచు వరకు, వీలైతే ఇంకా దూరంగా, కంచె కట్టాలి. ఆ కంచె గురించి కాంట్రాక్టరుతో ఒప్పందంలో రాయించండి. మాట మీద వదిలేస్తే నిలవదు. పై మట్టిని తవ్వే ముందు విడిగా తీసి, తక్కువ ఎత్తు కుప్పలుగా పోసి, పని అయ్యాక మళ్లీ పరచండి. అందులోని జీవం కొన్న మట్టిలో ఉండదు. కొత్త మొక్కల సంఖ్య గురించి వాదించే సమయంలో సగమైనా ఉన్న మట్టిని, ఉన్న చెట్లను కాపాడటానికి వెచ్చిస్తే మేలు. గురి ఏదైనా కావాలనుకుంటే, పట్టణ అటవీ నిపుణుడు సెసిల్ కోనైనెండైక్ 2021లో ముందుకు తెచ్చిన 3-30-300 సూత్రం గుర్తుంచుకోవడానికి వీలుగా ఉంటుంది. ప్రతి ఇంటి నుంచి మూడు చెట్లు కనిపించాలి, ఆ ప్రాంతంలో 30 శాతం చెట్ల నీడ ఉండాలి, 300 మీటర్లలోపు పార్కు ఉండాలి.

ఇక మనుషుల రోజు. “మీకు ఏమేం కావాలి” అని అడగకండి. అలా అడిగితే ఎక్కడో చూసిన బొమ్మల జాబితా వస్తుంది. “నిన్న నిద్ర లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా ఏం చేశారు, ఎక్కడ ఇబ్బంది పడ్డారు” అని అడగండి. ఒకచోట దాదాపు ప్రతి కుటుంబమూ పెద్ద సమావేశ మందిరం కావాలని రాసింది. వారి దినచర్యలు విడిగా రాయిస్తే, వాళ్లు ఒకరినొకరు కలుసుకునేది పిల్లలను బడి బస్సు ఎక్కించేచోట, సాయంత్రం నడకలో, బట్టలు ఆరవేసేటప్పుడు అని తేలింది. మందిరాన్ని చిన్న గదికి కుదించి, బస్సు ఆగే చోట నీడ, దారి పొడవునా కూర్చోవడానికి అరుగులు పెట్టాం. రాత్రి పనికి వెళ్లి పగలు నిద్రపోయే ఒక నర్సు గురించి కూడా అప్పుడే తెలిసింది. ఆవిడ ఇల్లు ఆటస్థలం పక్కన పడి ఉంటే ఎంత మంచి ఇల్లయినా ఆవిడకు శిక్షే. ఇలాంటివి ప్రశ్నాపత్రాల్లో దొరకవు.

సభకు రానివారెవరో కూడా చూసుకోండి. పిల్లలు, మంచం పట్టిన పెద్దలు, రేపు అద్దెకు వచ్చేవారు, అక్కడ ఊడ్చి శుభ్రం చేసేవారు. చెత్త బండి ఎక్కడ తిరగాలో చెత్త తీసేవారిని అడగకుండా గీసిన ప్లాన్లు లెక్కలేనన్ని.

ఆరోగ్యం విషయానికి వస్తే, చాలామంది ముందుగా సామగ్రి గురించి అడుగుతారు. ఏ రంగు మంచిది, ఏ ఇటుక మంచిది అని. సామగ్రికి ప్రాధాన్యం ఉంది గానీ, ఇంటి లోతు, అంటే కిటికీ గోడ నుంచి లోపలికి ఉన్న దూరం, అంతకంటే ముందు వస్తుంది. గదికి ఒకవైపే కిటికీ ఉంటే, గది ఎత్తుకు సుమారు రెండు రెట్ల దూరం వరకే గాలి సరిగా మారుతుంది. ఎదురెదురు కిటికీలుంటే సుమారు ఐదు రెట్ల వరకు పని చేస్తుంది. పగటి వెలుతురు కూడా కిటికీ పైఅంచు ఎత్తుకు రెండు, రెండున్నర రెట్ల లోతుకు మించి సరిగా అందదు. అంటే మధ్యలో చీకటి వరండా పెట్టి రెండు వైపులా లోతైన ఇళ్లు పేర్చే ప్లాన్ ఎంచుకున్న రోజే సగం ఆరోగ్యం పోయినట్టు. తర్వాత ఎంత ఖరీదైన రంగు వేసినా అది తిరిగి రాదు.

ఇప్పుడు ఉంటున్న ఇళ్లలోనే ఒక చిన్న ప్రయోగం చేయండి. కార్బన్ డయాక్సైడ్ కొలిచే చిన్న మీటరు ఒకటి తెచ్చి, తలుపులు మూసి పడుకున్న గదిలో తెల్లవారుజామున చూడండి. బయటి గాలిలో అది ఇప్పుడు సుమారు 420 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 420 భాగాలు, ఉంటోంది. గదిలో 1,000 దాటిందంటే వాడిన గాలి బయటకు పోవడం లేదని అర్థం. ఆ అంకె దానికదే విషం కాదు, మన ఊపిరితో పాటు తేమ, వాసనలు, వైరస్‌లు కూడా గదిలోనే తిరుగుతున్నాయనడానికి గుర్తు. ఒకే మీటరును ఇంటింటికీ తిప్పి అంకెలు రాసుకుంటే, గాలి గురించి నేను ఇచ్చే ఏ ఉపన్యాసం కన్నా అది బాగా పనిచేస్తుంది.

కిటికీలు తెరవడంలో ఒక చిక్కు ఉంది. పక్కనే రద్దీ రోడ్డుంటే గాలితో పాటు పొగ, చప్పుడు వస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సన్నని ధూళి కణాల వార్షిక పరిమితిని ఘనపు మీటరుకు 10 నుంచి 5 మైక్రోగ్రాములకు తగ్గించింది. అదే సంస్థ ఐరోపా కోసం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రాత్రిపూట రోడ్డు చప్పుడు 45 డెసిబెల్స్ లోపు ఉండాలని చెప్పింది. అలాంటి స్థలంలో పడక గదులను రోడ్డుకు అవతలి వైపు పెట్టి, రోడ్డు వైపు మెట్లు, స్నానాల గదులు, సామాను గదులు పెట్టడం తొలి ప్లాన్‌లోనే తేల్చాలి. చెట్ల వరుస కంటికి హాయినిస్తుంది, కొంత ధూళిని ఆపుతుంది. చప్పుడును మాత్రం చాలా కొద్దిగానే తగ్గిస్తుంది, దాని మీద ఆశ పెట్టుకోకండి.

తేమ గురించి ఒక్క మాట. గోడ మీద బూజు కనిపిస్తే రంగు మార్చడం పరిష్కారం కాదు. నీరు పునాది నుంచి పైకి పాకుతోందా, కప్పు నుంచి దిగుతోందా, వంట, స్నానాల ఆవిరి బయటికి పోక చల్లని గోడ మీద పేరుకుంటోందా అన్నది ముందు తేల్చాలి. సామగ్రిలో నేను పట్టుబట్టేది అల్మరాలకు వాడే నొక్కిన చెక్క పలకల విషయంలో. వాటి జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ నెలల తరబడి వెలువడుతుంది, అది మనుషులకు క్యాన్సర్ కారకమని తేలింది. తక్కువ వెలువరించే రకాలు దొరుకుతాయి, రాతపూర్వకంగా అడగండి.

చెట్టు కనిపించే కిటికీ ప్రాధాన్యం గురించి మీ బృందంలో ఎవరైనా సందేహిస్తే రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు 1984లో ప్రచురించిన అధ్యయనం చెప్పండి. ఒకే రకం శస్త్రచికిత్స అయిన 46 మంది రోగుల రికార్డులు తీసుకుంటే, కిటికీలోంచి చెట్లు కనిపించినవారు ఇటుక గోడ కనిపించినవారి కంటే త్వరగా ఇళ్లకు వెళ్లారు, బలమైన నొప్పి మందులు తక్కువ వాడారు. చిన్న అధ్యయనమే, అయినా కిటికీ ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నను ఆరోగ్య ప్రశ్నగా మార్చింది.

ఎవరి మాట ఎక్కడ చెల్లాలి? మూడు జాబితాలు రాసుకోండి. ఇంటి లోపలి ఏర్పాటు ఆ కుటుంబానిది. నీరు, దారులు, చెట్లు, వాహనాలు, ఉమ్మడి స్థలాలు అందరివీ. పునాది బలం, అగ్ని భద్రత, విద్యుత్తు నిపుణులవి. మూడో జాబితాలో ఓటింగ్ ఉండదు, కానీ అర్థమయ్యేలా వివరించే బాధ్యత నిపుణుడిది. ఉమ్మడి విషయాల్లో చేతులెత్తే ఓటుకు నేను వ్యతిరేకిని. పదహారు మంది గెలిచి పద్నాలుగు మంది ఓడిన నిర్ణయంతో ముప్పై ఏళ్లు కలిసి బతకాలి మరి. “ఇది నాకు అన్నిటికన్నా నచ్చిందా” అని అడగడానికి బదులు “దీనితో నేను బతకగలనా” అని అడగండి. బతకలేనన్నవారు కారణం చెప్పాలి. ఆ కారణం చుట్టూ ప్లాన్ సవరించండి. సభలో మాట్లాడే ముందు ప్రతివారూ తమ అభిప్రాయం కాగితం మీద రాయాలని నియమం పెట్టండి. గొంతు పెద్దవారి ప్రభావం సగం తగ్గుతుంది.

కాగితం మీద ప్లాన్ చాలామందికి అర్థం కాదు, అర్థం కాలేదని చెప్పడానికి మొహమాటపడతారు. అందుకని ముసాయిదా తయారయ్యాక స్థలంలోనే అసలు కొలతలతో ముగ్గు పోయించండి. ఇంటి గోడలు, మధ్య సందు, దారి, అన్నీ తెల్లని గీతలుగా కనిపిస్తాయి. కుర్చీలు తెచ్చి ఆ గదుల్లో కూర్చోండి. ఎదురింటి కిటికీ ఉండబోయే చోట ఒకరిని నిలబెట్టి, ఎంత దగ్గరగా ఉందో చూడండి. కాగితం మీద మూడు మీటర్లన్నప్పుడు తలాడించినవారే అక్కడ నిలబడి “ఇంత ఇరుకా” అంటారు. సున్నం గీత చెరిపి మళ్లీ గీయడానికి ఒక పూట చాలు.

కలిసి ఆలోచించి కట్టిన పేటలు ప్రపంచంలో ఉన్నాయి. జర్మనీలోని ఫ్రైబుర్గ్ నగరం అంచున ఉన్న పాత సైనిక స్థావరంలో 1990ల నుంచి వౌబన్ పేట రూపుదిద్దుకుంది. అక్కడ పౌరుల సంఘం మొదటి నుంచీ ప్రణాళికలో పాలుపంచుకుంది. కుటుంబాలు చిన్న బృందాలుగా చేరి కట్టుకున్నాయి, పాత చెట్లను ఉంచారు, చాలా వీధుల్లో ఇంటి ముందు కార్లు నిలపరు. ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో బైకర్ పేటను తిరిగి కట్టినప్పుడు ఆర్కిటెక్టు రాల్ఫ్ ఎర్స్కిన్ తన ఆఫీసును ఆ పేటలోనే తెరిచి ఎవరైనా లోపలికి రావచ్చన్నారు. అయినా పాత నివాసుల్లో చాలామంది తిరిగి అక్కడ చేరలేకపోయారు, ఎందుకంటే పని ఏళ్ల తరబడి సాగింది. అది కూడా గుర్తుంచుకోండి. భాగస్వామ్యం ఎంత మంచిదైనా దానికి గడువు ఉండాలి. స్థలం చదవడానికి ఇన్ని నెలలు, ముసాయిదాకు ఇన్ని నెలలు అని ముందే రాసుకుని, తేలిపోయిన విషయాన్ని కొత్త సమాచారం ఉంటే తప్ప మళ్లీ తిరగదోడకండి.

డిజైన్‌తో సరిదిద్దలేనివి కొన్ని ఉంటాయి. స్థలం వరద మైదానంలో ఉన్నా, పాత పరిశ్రమ వ్యర్థాలు మట్టిలో ఉన్నా ముందే పరీక్ష చేయించండి. అలాగే బడికి, పనికి, ఆసుపత్రికి ప్రతిదానికీ కారు తీయాల్సిన దూరంలో ఉంటే, ఇంట్లో ఆదా చేసిన ఇంధనం రోడ్డు మీద ఖర్చవుతుంది. ఐదు నిమిషాల నడకలో, అంటే సుమారు 400 మీటర్లలో, బస్సు దొరుకుతుందో లేదో చూడండి. దొరకకపోతే దాని కోసం ఇప్పటి నుంచే అధికారుల వెంటపడండి, ఇళ్లు పూర్తయ్యేదాకా ఆగవద్దు.

ఆర్కిటెక్టును ఎంచుకునేటప్పుడు ఒప్పందంలో మూడు విషయాలు రాయించుకోండి. స్థలం చదివే దశకు రుసుము విడిగా ఉండాలి, లేకపోతే ఎవరైనా దాన్ని తొందరగా ముగించాలనే చూస్తారు. నిర్ణయాల పుస్తకం ఒకటి నడపాలి, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో అందులో ఉండాలి. మూడోది ఎక్కువమంది వదిలేసేది: మీరు కాపురం పెట్టి ఏడాది గడిచాక, అన్ని కాలాలూ ఒకసారి తిరిగాక, ఆర్కిటెక్టు మళ్లీ వచ్చి గదుల వేడి, గాలి, తేమ కొలిచి, వాన నీరు అనుకున్న చోటికే పోతోందో లేదో మీతో కలిసి నడిచి చూడాలి. ఆ పనికి చివరి వాయిదాలో కొంత సొమ్ము ఆపి ఉంచండి. ఈ షరతుకు సంతోషంగా ఒప్పుకునేవారు దొరికితే మిగతా విషయాల్లో కొంచెం సర్దుకుని అయినా వారినే పెట్టుకోండి.